ఆయమ్మ ఒప్పుకుంది

నవంబరు పదకొండో తారీకు. ఆ మధ్యాహ్నం ఏం తిన్నాడో కూడా అతనికి గుర్తుండిపోయింది. పొద్దుటి రొట్టె రెండు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు ఒకటి. ఆరింటి నుంచి దుకాణంలో కౌంటరు వెనక నిలబడి నిలబడి పిక్కలు రాళ్ళయిపోయాయి. ఒంటిగంటకి గదికొచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కాళ్ళు చాపుకుని గుడ్డు సగం కొరికాడో లేదో, తలుపు చప్పుడైంది.

బయట ఒకావిడ నిలబడి ఉంది. మెడలో ఫొటో ఉన్న పట్టీ, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. దూరం నుంచి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. తను ఆరోగ్య శాఖ మనిషినని, పొగ మానిపించే విభాగంలో పని చేస్తానని చెప్పింది. కాగితం చూసి ఒక పేరు చదివి, ఆ పేరు గల మనిషి ఇక్కడే ఉంటుందా అని అడిగింది.

అది అతని భార్య పేరు.

"ఉండేది" అన్నాడు.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. చెప్పడానికి కంఠతా పట్టుకొచ్చిన మాటలు చాలా ఉన్నాయి. భయపడొద్దంది. వ్యసనాన్ని తమ శాఖ తప్పుగా చూడదనీ, జబ్బుగానే చూస్తుందనీ చెప్పింది. డెబ్బై రెండు రోజుల్లో ఆమె తన కార్డు మీద పదహారు వందల నలభై పెన్నులు కొన్నట్టు దుకాణం మిషను లెక్క చెబుతోందట. అంటే రోజుకి ఇరవై మూడు. ఈ చుట్టుపక్కల ఇంత పీల్చిన మనిషి ఇంకొకరు లేరట. ఇంట్లో వాళ్ళు దాచిపెడితే ఆమెకే ముప్పు అని కూడా చెప్పింది.

"ఎక్కడికెళ్ళారు ఆవిడ? నిన్న సాయంత్రం నాలుగున్నరక్కూడా ఆరు కొన్నారే."

పెన్నంటే రాసుకునేది కాదు. నోట్లో పెట్టుకుని పీలిస్తే తియ్యటి ఆవిరి వచ్చే వేలెడు గొట్టం. మామిడిపండు వాసనది ఒకటి, పాలమీగడ వాసనది ఒకటి, బబుల్‌గమ్ వాసనది ఒకటి. లోపల ఉండేది సిగరెట్టులో ఉండే విషమే. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకి అమ్మరాదని ప్రతి డబ్బా మీదా చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పద్దెనిమిది నిండిన వాళ్ళెవరూ బబుల్‌గమ్ వాసన కావాలని అడగరన్న సంగతి తయారుచేసే వాళ్ళకీ తెలుసు, ఆ అక్షరాలు వెయ్యమన్న వాళ్ళకీ తెలుసు.

"ఆవిడ పోయి మూడు నెలలు కావస్తోందమ్మా. ఆగస్టు పంతొమ్మిదిన" అన్నాడతను.

ఆవిడ కాగితం వంక చూసింది. అందులో మూడు గడులున్నాయి. 'చికిత్సకు ఒప్పుకున్నారు', 'ఒప్పుకోలేదు', 'ఇంట్లో లేరు'. చచ్చిపోయిన వాళ్ళకి గడి లేదు. కాసేపు కలంతో అట్ట మీద కొట్టుకుంటూ నిలబడి, చివరికి గడప మీద కూలబడింది. అతను గ్లాసుతో నీళ్ళిచ్చాడు. నీళ్ళు తాగుతూ, పోయినావిడ గుర్తింపు కార్డు ఇప్పుడు ఎక్కడుందని అడిగింది. అతను తలొంచుకున్నాడు. ఆవిడ తెలివితక్కువది కాదు. ఇంకేమీ అడగకుండా 'ఇంట్లో లేరు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

"ఇలా రాస్తే మళ్ళీ పధ్నాలుగు రోజులకి గానీ నేను రాను. కానీ ఈ లెక్క నా ఒక్కదాని దగ్గరే లేదు, రేపో ఎల్లుండో ఇన్‌స్పెక్టరు దుకాణానికి వస్తాడు. ఈలోపు మీరేం చేసుకుంటారో చూసుకోండి" అంది. లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ముందు అన్నం తినండి" అంది. కంచంలో ఉన్నది అన్నం కాదని ఆవిడకి కనబడుతూనే ఉంది. అయినా అలా అన్నందుకు అతనికి ఆవిడ మీద గౌరవం కలిగింది. గుడ్డు మాత్రం కంచంలోనే వదిలేశాడు.

అతని భార్య ఆ వీధి చివరి బడిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది. ముక్కులు తుడిచింది, బూట్ల తాళ్ళు కట్టింది, వాంతులు ఎత్తింది, పెద్ద క్లాసుల ఆడపిల్లలు బడిలో బట్టలు పాడుచేసుకుని గోడకి ఆనుకుని నిలబడిపోతే తన పైటకొంగు కప్పి ఇంటికి తీసుకెళ్ళి దిగబెట్టింది. జీతం పెంచమని అడిగితే, పెంచుతాం అన్నవాళ్ళు ముగ్గురు హెడ్మాస్టర్లు రిటైరయ్యారు. పిల్లలకి మాత్రం ఆవిడ ఆయమ్మ. బడి వదిలేసి మీసాలొచ్చిన వాళ్ళక్కూడా ఆయమ్మే.

బడికి దగ్గర్లోనే ఉంది అతను పనిచేసే పొగాకు దుకాణం. దాని యజమానిని అందరూ దాతగారంటారు. బడి నీళ్ళ ట్యాంకు మీద ఆయన పేరుంటుంది, ఆటల పోటీల కప్పుల మీద ఆయన పేరుంటుంది. బడికి వంద మీటర్ల లోపల పొగాకు అమ్మకూడదని మొదట ఒక చట్టం వచ్చినప్పుడు అధికారులు టేపు పట్టుకొచ్చి గేటు నుంచి దుకాణం తలుపు దాకా కొలిచారు. తొంభై ఆరు వచ్చింది. దాతగారు కంగారు పడలేదు. రోడ్డు వైపు తలుపు మూసేసి, పక్కసందులోకి తలుపు పెట్టించాడు. మళ్ళీ కొలిస్తే నూట నాలుగు. చట్టం తృప్తిగా కాఫీ తాగి వెళ్ళిపోయింది. పిల్లలకి ఎనిమిది మీటర్లు నడక పెరిగింది.

తర్వాత సెప్టెంబరు ఒకటిన మిషను వచ్చింది. కొనేవాళ్ళు తమ గుర్తింపు కార్డు అందులో పెట్టాలి. వయసు సరిపోతే పచ్చదీపం వెలిగి, కార్డు గల మనిషి ఫొటో తెర మీద పడుతుంది. అమ్మేవాడికొక వైపు తెర, కొనేవాడికొక వైపు తెర. పచ్చదీపం వెలగందే డబ్బుల సొరుగు తెరుచుకోదు. దీనికి రిబ్బను కత్తిరించడానికి ఒక పెద్దమనిషి కారులో వచ్చి, పిల్లలే మన రేపు అని నలభై నిమిషాలు మాట్లాడి, బడి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు. ఆ రోజే దాతగారికి 'బాలమిత్ర దుకాణం' అని ఒక చెక్క ఫలకం ఇచ్చారు. దాన్ని బబుల్‌గమ్ వాసన పెన్నుల పైన మేకు కొట్టి తగిలించారు. ఆ రోజే కౌంటరు మనిషి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. నియమం తప్పితే పూర్తి బాధ్యత అమ్మినవాడిదే అని అందులో ఉంది. అమ్మించినవాడి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

ఆ సాయంత్రమే దాతగారు అతని భుజం మీద చెయ్యి వేసి, ఆవిడ కార్డు వార్డాఫీసులో ఇచ్చేశావా అని అడిగాడు. ఇవ్వలేదు. రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి కంప్యూటరు పనిచెయ్యలేదు, రెండోసారి ఆసుపత్రి కాగితం మీద ముద్ర సరిగ్గా పడలేదన్నారు. ఆ లెక్కన ఆవిడ ఇంకా బతికే ఉంది. ఒక వారం కార్డు మిషను దగ్గర ఉంచమన్నాడు దాతగారు. ఇంట్లో కార్డు మర్చిపోయి వచ్చే పెద్దవాళ్ళ కోసమట. ఆగస్టులో ఆసుపత్రి నుంచి శవాన్ని తీసుకురావడానికి డబ్బులడక్కుండా తన వ్యాను పంపిన మనిషి ఆయన. అతను కార్డు తెచ్చి మిషను పక్కన పెట్టాడు.

కార్డు మర్చిపోయిన పెద్దవాళ్ళు రెండు రోజులే వచ్చారు. మూడో రోజు నుంచి బడి వదిలే వేళకి వచ్చినవాళ్ళెవరికీ మర్చిపోవడానికి కార్డే లేదు. మొదటిసారి తెర మీద ఫొటో పడగానే వాళ్ళలో ఒకడు "ఒరేయ్, ఆయమ్మరా" అన్నాడు. ముందున్నవాడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అలవాటైపోయింది. వారం తిరిగేసరికి అదొక మాటయి కూర్చుంది. ఒకడు వచ్చి "మావయ్యా, ఆయమ్మనడుగు" అనేవాడు. పచ్చదీపం వెలిగితే వెనకున్న వాళ్ళు "ఆయమ్మ ఒప్పుకుంది" అని నవ్వేవాళ్ళు. అతను కార్డు పెట్టేవాడు, సరుకిచ్చేవాడు. చెయ్యి తనది కాదన్నట్టు ఉండేవాడు. నెలకి తొమ్మిది వేల జీతం, యాభై ఆరేళ్ళ వయసు, ఇంకెక్కడా పని దొరకని కాళ్ళు. ఈ మూడింటినీ రోజుకోసారి తనకి తనే చెప్పుకునేవాడు. చెప్పుకున్న కొద్దీ అవి చిన్నవవుతూ వచ్చాయి.

వాళ్ళలో టైలరమ్మ కూతురు కూడా ఉంది. పదమూడేళ్ళది. అతనిదీ టైలరమ్మదీ ఒకే వరస గదులు, మధ్యలో రెండు తలుపులు అడ్డం. టైలరమ్మ అతన్ని అన్నయ్యా అంటుంది. అతని భార్యని వదినా అనేది. ఆవిడ పోయిన రోజు పన్నెండు మందికి వంట చేసి తెచ్చి పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా గిన్నెలు కడుక్కుని వెళ్ళిన మనిషి. ఆ పిల్లకి సెప్టెంబరు ఆఖరు నుంచి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, గది నిండా ఆ బట్టల నూగే కదా, ఇంకేం అవుతుందన్నాడు. మర్నాటి నుంచి టైలరమ్మ కుట్టుమిషను బయట పంచలోకి మార్చింది. చలిగాలిలో శాలువా కప్పుకుని బయటే కుడుతోంది. వెలుతురు పోతే పని ఆగిపోతుంది. రోజుకి నాలుగు యూనిఫారాలు కుట్టేది రెండుకి దిగింది. పిల్లకి మాత్రం నూగు తగలకూడదు. అతను రోజూ పనికి వెళ్తూ ఆ పంచ ముందు నుంచే వెళ్ళేవాడు. తల పక్కకి తిప్పుకుని వెళ్ళేవాడు.

ఆ రోజు మూడింటికి దుకాణానికి వెళ్ళి, లోపలి గదిలో ఉన్న దాతగారికి జరిగిందంతా చెప్పాడు. దాతగారు ముందు పడీపడీ నవ్వాడు. రోజుకి ఇరవై మూడా, గట్టిపిండమే మీ ఆవిడ అన్నాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి రెండు ఫోన్లు చేశాడు. ఇన్‌స్పెక్టరు మర్నాడు పది గంటలకి వస్తాడని తేలింది. అరగంటలో ఒక కాగితం టైపై వచ్చింది.

కాగితంలో ఉన్నది ఇదీ. తన భార్యకి పెన్నులు పీల్చే వ్యసనం ఉండేదనీ, సెప్టెంబరు నుంచి అన్నీ తన కోసమే కొనుక్కుందనీ, ఎంత చెప్పినా వినలేదనీ, ఊపిరితిత్తులు పాడై ఈ నెల పదకొండున, అంటే ఈ రోజే, కన్నుమూసిందనీ. కింద సంతకానికి చోటు వదిలారు.

అతను రెండుసార్లు చదివాడు. ఆవిడ ఆగస్టులో పోయింది కదా అన్నాడు, ఎదుటివాడు పొరబాటు పడ్డాడేమో అన్నట్టు.

"వార్డాఫీసు వాళ్ళకి తెలీదు కదా. ఆసుపత్రి కాగితం ఇంకోటి రాయిద్దాం, డాక్టరు మనవాడే." దాతగారు కుర్చీలో వెనక్కి వాలాడు. "కాగితం మీదైనా మీ ఆవిడ మూడు నెలలు ఎక్కువ బతికింది. సంతోషించాల్సింది పోయి ఏంటి పెద్దాయనా ఆ మొహం."

సంతకం పెడితే వెయ్యి జీతం పెంచుతానన్నాడు. పెట్టకపోతే ఏమవుతుందో కూడా అంతే ప్రేమగా చెప్పాడు. కార్డు ఎవరి ఇంటిది? మిషన్లో పెట్టిన చెయ్యి ఎవరిది? బాధ్యత నాదేనని సంతకం పెట్టిందెవరు? ఆరు నెలల జైలు ఎవరికి పడుతుందో చిన్నపిల్లాడైనా చెబుతాడన్నాడు. "నా వేలిముద్ర ఎక్కడుందో చూపించు, ఇప్పుడే నేనే వెళ్ళి లోపల కూర్చుంటా" అన్నాడు. అతను చుట్టూ చూశాడు. నిజమే. ఈ దుకాణంలో ఆయనది కానిదేదీ లేదు, కానీ ఆయన వేలిముద్ర ఎక్కడా లేదు. ఒక్క ఆ చెక్క ఫలకం మీదే ఆయన పేరుంది.

అంతలో బడి గంట వినిపించింది. కౌంటరు చూసుకోమని, రాత్రికి ఆలోచించుకోమని దాతగారు కాగితం మడిచి అతని జేబులో పెట్టాడు.

పిల్లలు ఏడుగురొచ్చారు. ముందు నిలబడ్డది టైలరమ్మ కూతురు. బస్సుకని అమ్మ ఇచ్చిన డబ్బులు నాలుగు రోజులు నడిచి మిగిల్చుకుంది. ఎనభై రూపాయలు. చిల్లర గాజుపలక మీద పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గులో చిన్న ఈల లాంటి చప్పుడుంది. దగ్గు ఆగాక నవ్వు మొహంతో తలెత్తింది.

"మావయ్యా, ఆయమ్మనడుగు."

కార్డు మిషను పక్కనే గీతలు పడి, అంచులు అరిగి ఉంది. ఫొటోలో ఆవిడ మొహం రోజుకి ఇరవై మూడుసార్లు గీరుకుని గీరుకుని చెంప దగ్గర తెల్లబడిపోయింది. ఆ తెలుపు అతను అప్పుడే చూశాడు.

"ఆయమ్మ లేదమ్మా" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. వెనకున్న ఒకడు కార్డు అక్కడే ఉంది కదా మావయ్యా అన్నాడు. అతను కార్డు తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయమ్మ చచ్చిపోయింది. మీరందరూ వచ్చారు కదా ఆ రోజు, వరసలో నిలబడ్డారు. బతికుంటే ఒప్పుకునేదా?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. పిల్లల్ని ఎండలో నిలబెట్టావేంటి పెద్దాయనా, ఇచ్చి పంపించు అన్నాడు దాతగారు, పిల్లల ముందు ఎప్పుడూ వాడే చక్కెర గొంతుతో.

"మీ కార్డు పెట్టండి సార్. ఇస్తాను."

దాతగారి చెయ్యి జేబు దాకా కూడా వెళ్ళలేదు. "నాదా" అన్నాడు.

"మీదైనా సరే. మీ అమ్మగారిదైనా సరే. పచ్చదీపమే కదా కావాల్సింది, ఎవరిదైనా వెలుగుతుంది."

"మా అమ్మ పేరు ఇట్టాంటి వాటిల్లో తిప్పుతారా ఎవరైనా? పరువుగల ఇల్లు మాది" అన్నాడు దాతగారు.

అనేశాక ఆ మాట ఆయనకే వినబడింది. ఏడుగురు పిల్లల ముందు వినబడింది. ఆయన పిల్లలిద్దరూ ఎక్కడో కొండల మధ్య గోడలున్న బడిలో చదువుతున్నారు. అక్కడ సంచులు వెతికి గానీ లోపలికి పోనివ్వరట. ఆ సంగతి పళ్ళన్నీ బయటపెట్టి అందరికీ చెబుతాడు. కౌంటరు మనిషి ఆయన మొహంలోకి అంతసేపు చూడటం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. చూడాలనుకుని చూడలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషికా నేను భయపడింది అనిపించి చూస్తూ ఉండిపోయాడు.

జేబులోంచి కాగితం తీసి గాజుపలక మీద పెట్టాడు. సంతకం చోటు అలాగే ఉంది. చిల్లరంతా ఏరి ఆ పిల్ల అరచేతిలో పోశాడు. రేపు పది గంటలకి వస్తాను, ఆగస్టు పంతొమ్మిదే చెబుతాను, ఎవరికి అమ్మానో ఎవరు అమ్మించారో కూడా చెబుతాను, నాకు పడాల్సింది నాకు పడనివ్వండి అన్నాడు. దాతగారు ఏమేమో అన్నాడు. వ్యాను సంగతి కూడా ఎత్తాడు. అతను చెప్పులు తొడుక్కుని సందులోకి నడిచాడు.

పిల్లలు కాసేపు తచ్చాడారు. "పక్క వీధిలో ఇస్తార్రా, అక్కడ మిషనే చెడిపోయింది" అన్నాడొకడు. అందరూ అటు వెళ్ళారు. టైలరమ్మ కూతురు కూడా చిల్లర గుప్పెట్లో పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళింది. అతను పిలిచాడు. అది వెనక్కి తిరిగి చూడలేదు.

అక్కడే అతనికి తెలిసింది. దుకాణంలో తను చేసిన ఘనకార్యం ఎంతటిదో. ఒక్క రోజు, ఒక్క కౌంటరు దగ్గర లేదని చెప్పాడు, అంతే. డెబ్బై రెండు రోజులు ఎక్కడికీ పోలేదు.

చీకటి పడేదాకా ఊరికే వీధులు తిరిగాడు. తిరిగి తిరిగి పంచ ముందుకి వచ్చేసరికి టైలరమ్మ ఆ రోజుకి పని కట్టేసి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పుతోంది. వెలుతురు చాలక వేళ్ళతో తడుముకుంటూ నేల మీద సూదులు ఏరుకుంటోంది. అతన్ని చూసి, "రా అన్నయ్యా, ఇవాళ తొందరగా వచ్చేశావే. టీ పెట్టనా" అంది.

వద్దన్నాడు. కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు. పిల్ల దగ్గు నూగు వల్ల కాదని, మిషను లోపల పెట్టుకోవచ్చని ముందు చెప్పాడు. తర్వాత మిగిలింది చెప్పాడు. దాతగారి పేరు ఎత్తకుండా చెప్పడానికి ప్రయత్నించాడు. ఎత్తితే తప్పులో తన వాటా తగ్గించుకున్నట్టుంటుందని అనిపించింది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. కావాలంటే తనూ వచ్చి చెబుతానన్నాడు.

టైలరమ్మ సూదులు గుప్పెట్లో పట్టుకుని అలాగే కూర్చుంది. లోపల పిల్ల ఏదో పాఠం పైకి చదువుతోంది. మధ్యమధ్య దగ్గుతోంది.

"ఎన్నాళ్ళనించి?"

"సెప్టెంబరు మూడు నుంచి."

"నీ చేత్తోనే ఇచ్చావా?"

"నా చేత్తోనే."

"వదిన కార్డు పెట్టి."

అతను తలూపాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది, మూత పెట్టింది, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. శాలువా సరిచేసుకుని, అతని వైపు ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"మీరు వెళ్ళండి" అంది.

పదిహేనేళ్ళలో ఆవిడ అతన్ని మీరు అనడం అదే మొదలు.

ఆవిడ గడప దాటి లోపలికి వెళ్ళింది. చదువుతున్న పిల్ల ఉలిక్కిపడకుండా తలుపు రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ పెట్టుకుంది.